సీటు వచ్చింది, ఆ తర్వాత?

కేంద్ర విద్యాశాఖ చేసే ఉన్నత విద్య సర్వేలో 2021-22 లెక్కలు తిరగేస్తుంటే ఒక అంకె దగ్గర ఎవరైనా ఆగిపోతారు. దేశం మొత్తం మీద సైన్సు కోర్సుల్లో చదువుతున్నది 57.2 లక్షల మంది. వాళ్లలో అమ్మాయిలు 29.8 లక్షలు, అబ్బాయిలు 27.4 లక్షలు. గుంటూరులోనో విజయవాడలోనో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులోకి తొంగిచూడండి, తెల్లకోట్లలో చాలాచోట్ల ఆడపిల్లలే ఎక్కువ కనిపిస్తారు. మరి సైన్సులో ఆడవాళ్లు తక్కువని ఎందుకంటున్నాం? పరిశోధన రంగంలో పనిచేస్తున్నవాళ్లలో వాళ్లు ఐదో వంతు కూడా లేరు కాబట్టి.

చిక్కంతా ఇక్కడే ఉంది. వెనకబడిన వర్గాలకు సైన్సులో చోటు అనగానే మన వాదన మొత్తం సీట్ల చుట్టూ తిరుగుతుంది. రిజర్వేషన్ ఎంత, కటాఫ్ ఎంత, ఎవరికి వచ్చింది, ఎవరికి పోయింది. కానీ ఇందులో కలగాపులగమైపోయిన సమస్యలు మూడు. అసలు సైన్సు గుమ్మం దాకా రానివాళ్లు కొందరు. వచ్చి, మొదటి ఏడాదిలోనే వెనకబడి ఇక తేరుకోలేనివాళ్లు కొందరు. డిగ్రీ బాగానే పూర్తిచేసి, ఆపైన ఎటుపోయారో తెలియనివాళ్లు ఇంకొందరు. ఒకరికి చేసిన సాయం మరొకరికి అక్కరకు రాదు.

రానివాళ్ల సంగతి ముందు. ఆంధ్రప్రదేశ్ కాలేజీల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6, బీసీల్లోని ఐదు గ్రూపులకు కలిపి 29 శాతం రిజర్వేషన్ ఉంది. ఇంజినీరింగ్‌లో, మెడిసిన్‌లో దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. బీఎస్సీ దగ్గరికొచ్చేసరికి మాత్రం సీన్ తిరగబడుతుంది. పిల్లలంతా కంప్యూటర్ సైన్స్ బీటెక్ వైపు పోగా బీఎస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్ సీట్లు మిగిలిపోతున్నాయి. అడిగినవాళ్లకల్లా సీటు దొరికేచోట కోటా ఎవరినీ కొత్తగా లోపలికి తేలేదు. నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీ ల్యాబులో పల్నాడు తండాల నుంచి వచ్చిన సుగాలీ పిల్లలు కనిపిస్తారు. బాపట్ల, రేపల్లె వైపు యానాదుల పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇద్దరూ ఎస్టీలే. ఇద్దరినీ ఒకే గడిలో వేసి 'ఎస్టీ విద్యార్థులు ఇంతమంది' అని రిపోర్టు రాసేస్తే ఆ తేడా మాయమవుతుంది. 2025లో రాష్ట్రం ఎస్సీలను మూడు గ్రూపులుగా వర్గీకరించడం వెనకా ఇలాంటి లోపలి తేడాల గొడవే ఉంది. యానాది పిల్లవాడు తప్పిపోయేది డిగ్రీ అడ్మిషన్ల దగ్గర కాదు, ఏడో తరగతికీ పదో తరగతికీ మధ్య. అది యూనివర్సిటీ చేతిలో ఉన్న పని కాదు, ఒప్పుకోవాల్సిందే.

దివ్యాంగుల కథ ఇంకో రకం. దివ్యాంగుల హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం ఉన్నత విద్యలో వాళ్లకు కనీసం 5 శాతం సీట్లు ఉంచమంది. సీటుంటే సరిపోదని మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా అనుభవమే చెబుతుంది. పుట్టుకతో చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాక ఇంటర్లో సైన్సు తీసుకుంటానంటే కుదరదన్నారు. కోర్టుకెక్కి ఆ హక్కు సాధించుకుని, 98 శాతం మార్కులు తెచ్చుకుని, చివరికి అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు. తర్వాత పారిశ్రామికవేత్తగా పేరు తెచ్చుకున్నాడు. అందరూ ఆ విజయాన్ని చెప్పుకుంటారు. నాకు మాత్రం కోర్టు దాకా వెళ్లే ఓపిక లేక ఆర్ట్స్ గ్రూపులో చేరిపోయిన పిల్లలే గుర్తొస్తారు.

వెనక నిలబడేది ఎవరు?

ఇక రెండో రకం. నేను కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి ల్యాబులో కనిపించేదే చెబుతాను. మొదటి ఏడాది, టైట్రేషన్ రోజు, అంటే ద్రావణం గాఢత కొలిచే ప్రయోగం. బ్యూరెట్‌లో, అంటే గీతలున్న నిలువు గాజు గొట్టంలో, పొటాషియం పర్మాంగనేట్, కోనికల్ ఫ్లాస్కులో వేడిచేసిన ఆక్సాలిక్ యాసిడ్. ఒక్కో బ్యూరెట్‌కి నలుగురు. ఎడమచేత్తో నాబ్ తిప్పుతూ, కుడిచేత్తో ఫ్లాస్కు ఆడిస్తూ, చుక్క చుక్క వదిలేది ఒక్కడే. ఇంటర్లో ల్యాబు సరిగ్గా నడిచిన చోట చదివొచ్చినవాడు. ఒకమ్మాయి రీడింగులు రాస్తుంది. ఒకరు యాసిడ్ వేడిచేసుకొస్తారు. నాలుగోవాడు వెనక నిలబడి చూస్తాడు. పర్మాంగనేట్ ముదురు రంగు ద్రావణం కాబట్టి గొట్టంలో దాని పైభాగపు వంపుకి కింది అంచు కనపడదు, పై అంచు దగ్గర రీడింగ్ తీసుకోవాలి. ఈ సంగతి బ్యూరెట్‌ని కంటికి ఎదురుగా పెట్టుకుని చూసినవాడికే బుర్రకెక్కుతుంది. లేత గులాబీ రంగు అరనిమిషం నిలిస్తే ఎండ్ పాయింట్, ఇక చుక్కలు ఆపాలి. అది కళ్లారా చూసేది కూడా ఫ్లాస్కు పట్టుకున్నవాడే. రికార్డులో మాత్రం నలుగురివీ ఒకే అంకెలు. మూడు సెమిస్టర్లు ఇలా గడిచాక వైవాలో 'పై అంచు ఎందుకమ్మా?' అని ఎగ్జామినర్ అడిగితే వెనక నిలబడ్డవాడు తెల్లమొహం వేస్తాడు. 'వీడికి బేసిక్స్ లేవండీ' అని మనం తేల్చేస్తాం.

ఆ నాలుగోవాడు ఎక్కడినుంచి వచ్చాడో కనుక్కుంటే ఏటా దాదాపు ఒకే జవాబు. ఇంట్లో డిగ్రీ మెట్టెక్కిన మొదటివాడు, సంక్షేమ హాస్టల్లో ఉండి చదివినవాడు, ల్యాబు తాళం తీయని జూనియర్ కాలేజీ నుంచి వచ్చినవాడు. ఇంటర్ ప్రాక్టికల్స్‌కి సబ్జెక్టుకు 30 మార్కులు చాలాకాలంగా ఉన్నాయి. రెండేళ్లూ ఎంట్రన్సుల బిట్లు రుద్దించి, పరీక్ష ముందు వారంలో నాలుగు ప్రయోగాలు చూపించి, ముప్పైకి ముప్పై వేసే చోట్లు లేవని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవాలి.

పైగా 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లిష్ మీడియమే అయింది. మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇప్పుడొద్దు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు దెబ్బ తగిలేది వేగం దగ్గర. లెక్క చేయగలరు, కానీ ప్రశ్న మూడుసార్లు చదువుకోవాలి. ఆ మూడుసార్లలో పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఇంకొకటి, బయటివాళ్లకు తట్టనిది. మన సెమిస్టర్ క్యాలెండరుకీ పొలం పనుల క్యాలెండరుకీ అసలు పొసగదు. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. ఏడాదిలో రెండో సెమిస్టర్ నడిచేదీ అప్పుడే. అంతకుముందు పత్తి తీతలు, అవి మొదటి సెమిస్టర్ చివరికొచ్చి పడతాయి. కూలి మీద బతికే ఇంటికి నాలుగు నెలల కోతల డబ్బు ఏడాది ఖర్చులో పెద్ద భాగం. ఆ రోజుల్లో డిగ్రీ చదివే కూతురు ఇంట్లో ఒక జత చేతులు కూడా. ఫిబ్రవరిలో హాజరు పట్టీ చూస్తే ఏ ఊరి బస్సుల్లో వచ్చే పిల్లల పేర్ల ఎదురుగా వరసగా సున్నాలున్నాయో చూడగానే తెలిసిపోతుంది. హాజరు 75 శాతం దాటకపోతే పరీక్షకు ఇబ్బంది, ఫీజు రీయింబర్స్‌మెంటుకూ ఇబ్బంది. కూలికి పోయినందుకు ఫీజు డబ్బు పోతే అసలుకే ఎసరు. హాజరు తగ్గినందుకు కండోనేషన్ ఫీజు కట్టించుకుని, లేని జ్వరానికి మెడికల్ సర్టిఫికెట్ తెమ్మనడమే మనకు తెలిసిన పరిష్కారం.

డబ్బు సంగతి ఎవరైనా అడిగితే 'ఫీజు ప్రభుత్వమే కడుతోందిగా' అంటారు. నిజమే, 2007-08 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే నా తరగతిలో సగం బల్లలు ఖాళీగా ఉండేవి. పేరు మారినా పథకం నిలిచింది. కానీ మంజూరు కావడం వేరు, చేతికి రావడం వేరు. వాయిదాలు ఆలస్యమైనప్పుడు కాలేజీ వాళ్లు పిల్లల్ని నిలేస్తారు, కోర్సు అయిపోయాక సర్టిఫికెట్లు ఆపుతారు. ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని, యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018లోనే చెప్పింది. చెప్పింది చెప్పినట్టే ఉంది. ఎంఎస్సీ కౌన్సెలింగ్ తారీఖు మాత్రం ఎవరికోసమూ ఆగదు. ఇక తిండి, గది ఖర్చులకు 2020లో మొదలైన వసతి దీవెన కింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20 వేల రూపాయలు ప్రకటించారు. నెలకు 1,700 కూడా కాదు. గుంటూరు బ్రాడీపేటలో ఆ డబ్బుకు హాస్టల్ బెడ్ ఎవరిస్తారో చెప్పండి. స్త్రీ శక్తి పథకంతో 2025 ఆగస్టు నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సు టికెట్ తప్పింది. అది చిన్న ఊరట కాదు, ఊరి నుంచి వచ్చిపోయే అమ్మాయిలకు ఒక లెక్క తగ్గింది.

డబ్బు ఆలస్యం ఎంత దూరం తీసుకెళ్తుందో గుంటూరు వాళ్లకు వేరే చెప్పాలా? ఇక్కడ పెరిగి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధనకు చేరిన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోతూ రాసిన ఉత్తరంలో తనకు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేలు, రావాలని రాశాడు. కార్ల్ సేగన్ లాంటి సైన్సు రచయిత కావాలనుకున్నానన్నదీ ఆ ఉత్తరంలోనే ఉంది. ఆ మరణం చుట్టూ రాజకీయం, కులం సర్టిఫికెట్ వివాదం ఏళ్ల తరబడి నడిచాయి. ఆ ఏడు నెలల బకాయి గురించి ఎవరూ అంతసేపు మాట్లాడలేదు.

స్పెషల్ క్లాసుల మాయ

వెనకబడినవాళ్లకు ఏం చేస్తున్నారని అడిగితే ప్రతి కాలేజీ దగ్గరా ఒక జవాబు రెడీగా ఉంటుంది: రెమెడియల్ క్లాసులు. యూజీసీ వీటికి ప్రత్యేకంగా నిధులిచ్చిన రోజులూ ఉన్నాయి. సాయంత్రం నాలుగు తర్వాత, బస్సు టైముకి, కులం కాలమ్ చూసి తయారుచేసిన లిస్టు నోటీసు బోర్డుకి అంటించి, పొద్దున చెప్పిన పాఠమే ఇంకా నెమ్మదిగా చెప్పడం. 'నువ్వు ఆ లిస్టులో ఉన్నావు' అని తోటివాళ్లు చూసే చూపు ముందు ఆ గంట పాఠం ఏ మూలకి వస్తుంది? పిల్లలు రారు. రాలేదు కాబట్టి వాళ్లకు శ్రద్ధ లేదని రిజిస్టరులో రాస్తాం. ఏ విద్యార్థిని ఏ లెక్చరర్ కనిపెట్టి చూస్తున్నారో రాసే మెంటర్-మెంటీ రిజిస్టర్లదీ ఇదే పద్ధతి, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ టీమ్ వచ్చే ముందు వారంలో వాటికి ఒక్కసారిగా ప్రాణమొస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడే అనుభవం ఒకటి అమెరికాలో ఉంది. 1970లలో బర్కిలీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధక విద్యార్థి, కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారో తేల్చాలనుకున్నాడు. అధ్యాపకుల్ని అడిగితే మనం చెప్పే కారణాలే చెప్పారు: శ్రద్ధ లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు వాతావరణం లేదు. అతను ఆ మాటలతో ఆగలేదు. ఇరవై మంది నల్లజాతి విద్యార్థుల్నీ, ఇరవై మంది చైనా మూలాలున్న విద్యార్థుల్నీ వెంటబడి, ఎలా చదువుతున్నారో నెలల తరబడి దగ్గరుండి చూశాడు. నల్లజాతి పిల్లలు కష్టపడుతున్నారు, ఇళ్లలో ప్రోత్సాహమూ ఉంది. కానీ ఒంటరిగా చదువుతున్నారు. చైనా పిల్లలు ముందు ఎవరికి వాళ్లు చేసుకుని, తర్వాత కలిసి కూర్చుని ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటున్నారు. తనకు రానిది మిగతావాళ్లకూ రాలేదని తెలిస్తే, అది లెక్క కష్టమే గానీ నా బుర్ర తక్కువ కాదని అర్థమవుతుంది. ఒంటరిగా కూర్చున్నవాడికి ఆ కబురు ఎవరు చెబుతారు?

ట్రైస్‌మన్ పెట్టిన వర్క్‌షాపులో సులువు పాఠాలు లేవు. మామూలు క్లాసు కంటే కష్టమైన లెక్కలిచ్చి, గుంపులుగా కూర్చోబెట్టాడు. దాన్ని వెనకబడినవాళ్ల క్లాసు అనలేదు, బాగా చేయాలనుకునేవాళ్ల క్లాసు అన్నాడు. వచ్చిన నల్లజాతి విద్యార్థులు మిగతా తరగతితో సమానంగా, కొన్నిసార్లు అంతకంటే మెరుగ్గా నిలిచారు. ఇదే దారిలో మేరీల్యాండ్ రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ 1988లో మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం మొదలుపెట్టింది. క్లాసులు మొదలవ్వక ముందే వేసవిలో కలిపి ఉంచడం, గుంపులుగా చదివించడం, మొదటి ఏడాది నుంచే పరిశోధన ల్యాబులోకి పంపడం, పీహెచ్‌డీ చేస్తారని ముందే నమ్మి మాట్లాడటం. అక్కడ సీటు వచ్చీ వేరేచోట చేరినవాళ్లతో పోలిస్తే, ఇందులో చదివినవాళ్లు సైన్సులో పై చదువులకు వెళ్లే అవకాశం దాదాపు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. తర్వాత మరో రెండు యూనివర్సిటీలు అదే నమూనా ఎత్తుకుని దగ్గరదగ్గర ఫలితాలే సాధించాయి.

అమెరికా డబ్బు మనకెక్కడిదని ఎవరైనా అనొచ్చు. మేయర్‌హాఫ్‌కు డబ్బు కావాలి, నిజం. ట్రైస్‌మన్ పద్ధతికి కావాల్సింది ఒక గది, రెండు గంటలు, కష్టమైన ప్రశ్నల కాగితం. 2020లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష కూడా, లెక్చర్ వింటూ కూర్చోబెట్టే క్లాసుల కంటే విద్యార్థుల చేత పని చేయించే క్లాసుల్లో వెనకబడిన వర్గాలకీ మిగతావాళ్లకీ మార్కుల తేడా మూడో వంతు తగ్గిందని లెక్కగట్టింది. అయితే ఒక హెచ్చరిక. నలుగుర్ని ఊరికే ఒకచోట పడేస్తే అది గ్రూప్ స్టడీ అవదు. బ్యూరెట్ దగ్గర నలుగురూ గ్రూపే కదా. పని తిప్పాలి. ఈ వారం రాసినవాళ్లు వచ్చే వారం నాబ్ పట్టుకోవాలి, రీడింగ్ ఎవరిది వాళ్లే తీయాలి. దీనికి జీవో అక్కర్లేదు, లెక్చరర్ బల్ల దగ్గర నిలబడితే చాలు. ఏళ్ల తరబడి రెగ్యులర్ పోస్టులు భర్తీకాక, గెస్ట్ ఫ్యాకల్టీతో నడిచే డిపార్ట్‌మెంట్లలో ఆ నిలబడే మనిషికి జీతం టైముకి వస్తోందా అన్నది ఇంకో ప్రశ్న.

డిగ్రీ తర్వాత దారి

మూడో రకం దగ్గరికి వద్దాం, ముఖ్యంగా అమ్మాయిలు. డిగ్రీలో యూనివర్సిటీ మొదటి ర్యాంకులు వాళ్లవే. తర్వాత బీఈడీ, బ్యాంకు కోచింగ్, లేదా పెళ్లి. పెళ్లి ఒత్తిడి ఉంది, కాదనను. కానీ దాని మీదే నెపం వేసేస్తే తప్పించుకున్నట్టే. చాలామందికి పై దారి ఉందనే ఎవరూ చెప్పరు. ఐఐటీల్లో ఎంఎస్సీ చేయడానికి జామ్ అనే పరీక్ష ఉందని, దానికి ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులతో పాటు అమ్మాయిలకీ ఫీజు తక్కువని చివరి సెమిస్టర్ దాకా తెలియదు. అప్పటికి పరీక్ష అయిపోయి ఉంటుంది. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవిలో రెండు నెలలు విద్యార్థుల్ని పెద్ద ల్యాబులకు పంపిస్తాయి, స్టైపెండ్ ఇస్తాయి. దరఖాస్తు చలికాలం ముందే పెట్టాలి, ఏం చేయాలనుకుంటున్నారో కొన్ని వాక్యాలు రాయాలి, లెక్చరర్ సిఫార్సు లేఖ కావాలి. అధ్యాపకుల పిల్లలకు ఇవి ఇంట్లో భోజనాల దగ్గర తెలుస్తాయి. తాడికొండ నుంచి వచ్చే పిల్లకు కాలేజీలో ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తాయి.

సాయం పేరుతో ఉన్న పథకాలు కొన్ని మన పరిస్థితికి సరిపోవు. కేంద్రం 2008లో తెచ్చిన ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ బీఎస్సీ విద్యార్థికి ఏడాదికి 80 వేలు ఇస్తుంది. గొప్ప మొత్తం. కానీ ప్రధానంగా ఇంటర్ బోర్డులో మొదటి ఒక శాతంలో ఉన్నవాళ్లకు. మన దగ్గర ఆ ఒక శాతం ఇంజినీరింగ్‌కో మెడిసిన్‌కో పోతారు. బీఎస్సీలో చేరేవాళ్లలో దానికి అర్హులు ఎంతమంది? స్కాలర్‌షిప్ ఉంది, తీసుకునేవాళ్లు ఆ తరగతిలో లేరు. అదే డబ్బు డిగ్రీ మొదటి ఏడాది మార్కుల మీద ఇచ్చి ఉంటే వేరేవాళ్లకు చేరేది.

ఇంకో గోడ 2020 చివర్లో లేచింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేస్తూ జీవో 77 వచ్చింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు దొరికినవాళ్లకు పర్వాలేదు. గుంటూరు జిల్లాలో అంటే నాగార్జున యూనివర్సిటీ, 1976 నుంచీ ఈ ప్రాంతపు పేద పిల్లల ఎంఎస్సీ ఆశలన్నీ దాని మీదే. అక్కడ సీటు రాకపోతే ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టలేని ఇల్లు ముందు ఆపేసేది ఆడపిల్ల చదువే. ఆ తర్వాత ఏ విద్యార్థి సంఘం ధర్నాలో చూసినా ఆ నంబరు వినిపిస్తూనే వచ్చింది.

ఇక పరిశోధన దాకా వెళ్లినవాళ్లకు సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37 వేలు. ఎస్సీ, ఎస్టీ, మహిళలకు వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. మధ్యలో రెండేళ్లు ఉద్యోగం చేసి ఇంటి అప్పు తీర్చి వచ్చినవాళ్లకు ఆ ఐదేళ్లే ఆధారం. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఉంటుంది, తెలుగులో ఉండదు. క్యాంపస్‌లో చేరాక కులం పేరుతో ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పుకోవాలన్నదానికి యూజీసీ 2012 నిబంధనల్లోనే జవాబుంది. ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. మీ కాలేజీలో ఆ అధికారి ఎవరని పది మంది విద్యార్థుల్ని అడిగి చూడండి. అధ్యాపకుల్నీ అడగండి, జవాబులో పెద్ద తేడా ఉండదు.

ఇన్ని చెప్పాక ఒక డిపార్ట్‌మెంట్ తనంతట తాను చేయగలిగింది ఎంతని చూస్తే, చాలానే ఉంది. అడ్మిషన్లు అవగానే మొదటి రెండు వారాలు సిలబస్ పక్కనపెట్టి ల్యాబు తెరవొచ్చు. బ్యూరెట్, వెర్నియర్, మైక్రోస్కోప్ ఎప్పుడూ ముట్టుకోనివాళ్లు ఎవరో ఆ రెండు వారాల్లో చెప్పకుండానే తెలిసిపోతుంది, లిస్టు అంటించే పని లేదు. కష్టమైన లెక్కల గంటను సాయంత్రం కాకుండా మధ్యాహ్నం టైంటేబుల్లోనే పెట్టి అందరికీ తెరవొచ్చు. ఇంటర్నల్ పరీక్షల్ని ఫిబ్రవరి నుంచి జనవరి మొదటి వారాలకో మార్చి చివరికో జరపడం పూర్తిగా కాలేజీ చేతిలో ఉండదు గానీ, పరీక్షలు తామే పెట్టుకునే అటానమస్ కాలేజీలకు ఆ వెసులుబాటు ఉంది. కోతలకు వెళ్లిన పిల్లలకు పోయిన ప్రాక్టికల్ ఆదివారం చేయించొచ్చు, మెడికల్ సర్టిఫికెట్ అడగకుండా. రెండో ఏడాది పిల్లల్ని సెప్టెంబరు మొదట్లో కూర్చోబెట్టి జామ్ గురించి చెప్పి, వేసవి ఫెలోషిప్‌కి రాయాల్సిన ఆ కొన్ని వాక్యాలు అక్కడే దగ్గరుండి రాయించొచ్చు, సిఫార్సు లేఖ మీద సంతకం కూడా ఆ రోజే పెట్టివ్వొచ్చు.